సద్దన్నంతో మింగిన మాత్ర

ప్రొటీను అనే మాట నేను మొదట చదివింది బడిలో కాదు, ఇందుకూరుపేట గ్రంథాలయంలో. మా ఊరు మైపాడు నుంచి ఆటోలో వెళ్లి, మూసే వేళ దాకా అక్కడే కూర్చునేదాన్ని. అట్ట ఊడిన ఒక సైన్సు పుస్తకంలో, ప్రొటీను పొడుగాటి దారంలా పుట్టి, సరిగ్గా మడతపడ్డాకే పనికొస్తుందని రాసి ఉంది. మడత తప్పితే ఏమవుతుందో చెప్పే పేజీ చిరిగిపోయింది. తర్వాత నాకు గురువులూ దొరికారు, డిగ్రీలూ వచ్చాయి. కానీ ఆ పేజీ కోసం వెతకడం మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. అది చెప్పుకోవడం నాకిష్టం.

ఇప్పుడు మా ల్యాబులో పనంతా ఒకే ఒక ప్రొటీనుతో. పార్కిన్సన్స్ జబ్బులో అది మెదడు కణాల్లో తప్పుగా మడతపడి, ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడుతుంది. మేం దాన్ని గాజు గొట్టాల్లో గడ్డకట్టించి, ఆపగలిగే పదార్థం కోసం వెతుకుతాం. చాలా రోజులు ఏమీ తేలదు. గొట్టాలు కడిగి మళ్లీ మొదలుపెడతాం.

మా మేనమామకు ఆ జబ్బే వచ్చింది. చేయి వణకడం మొదలయ్యాక సముద్రం మీదికి వెళ్లడం మానేసి, ఒడ్డున పాకలో కూర్చుని తెగిన వలలు కుట్టేవాడు. మొన్న వేసవిలో, వేట నిషేధం రోజుల్లో, నేను సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కాబట్టి వలలు కుట్టేవాళ్లకు చేతినిండా పనితో ఊపిరాడని కాలమది. మామ ముందు మాత్రం ఒకే వల ఉంది. సూది వేళ్ల మధ్య ఇరుక్కుపోయి కదలడం లేదు. మధ్యాహ్నం దాటాక గానీ చేయి స్వాధీనంలోకి రాదట.

బోటు ఓనరు వచ్చి వల చూసి, తల గోక్కున్నాడు. "అన్నా, వేట మొదలయ్యే నాటికి ఇది కావాల. కాకుంటే ఇంకొకళ్లకిస్తా. ఏమీ అనుకోబాక."

"ఇయ్యి, నాకేంది," అన్నాడు మామ. అతను వెళ్లాక ఇరుక్కున్న సూదిని రెండో చేత్తో లాగి చూశాడు.

మర్నాడు పొద్దున మామ మాత్ర వేసుకోవడం చూశాను. సద్దన్నంలో రాత్రి మిగిలిన చేపల పులుసు కలిపి, మొదటి ముద్దలో మాత్ర పెట్టి మింగాడు.

"పరగడుపున వేసుకోమని డాక్టరు చెప్పలేదా మామా?"

"చెప్పినాడు. ఆయనెప్పుడన్నా బోటెక్కినాడా? ఉత్త కడుపున మాత్ర మింగి అలల మీదికి పోతే పేగులు నోట్లోకొస్తాయి. మా నాయన కాణ్ణించీ సద్దన్నం తినే బోటెక్కేది."

"నువ్వు బోటెక్కి ఎన్నాళ్లయింది?"

"కడుపుకి ఆ సంగతి తెలవదు గదమ్మే."

ల్యాబుతో సంబంధం లేకపోయినా, చేతికందిన పుస్తకమల్లా చదివే అలవాటు నాది. మందుల గురించిన ఒక లావు పుస్తకంలో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. చేప అరిగాక మిగిలే ప్రొటీను ముక్కలూ, ఈ మందూ మెదడులోకి వెళ్లాల్సింది ఒకే దారిన. ఆ ముక్కలు ముందు దూరితే, ముత్తుకూరు పోర్టు గేటు దగ్గర లారీలు నిలబడ్డట్టు మందు వాటి వెనకే నిలబడిపోతుంది. డాక్టరుకు ఫోన్ చేశాను. పొద్దున మాత్ర ముందు వేసుకుని, కాసేపాగి తినమనీ, చేప రాత్రికి పెట్టుకోమనీ ఆయన చెప్పారు.

మామ వినలేదు. "ఇన్నేళ్లు ప్రొటీను ప్రొటీనని చదివి, ఆకరికి నన్ను చేప తినబాకంటావా? సముద్రం పక్కన కూకోని మజ్జిగన్నమా?"

"పొద్దున వద్దంటుండాది, అంతే గదా," అంది అత్త. "రాత్రికి పెడతాలే. లేకుంటే ఆ వల నేను కుడతా, నువ్వు పులుసు కాంచు."

అదొక్కటే పనిచేసింది. అత్త కుట్టు ఆయనకు తెలుసు.

మొదటి రెండు రోజులు మామకు వికారంగా ఉంది, నన్ను తిట్టాడు. తర్వాత ఒక పొద్దున పాకలోకి వెళ్లేసరికి సూది మెల్లగా కదులుతోంది. వణుకు పోలేదు, ముడి వేసే ముందు చేయి ఆగుతోంది, కానీ ముడి పడుతోంది. మాత్రతో జబ్బు ఆగదని మామకు చెప్పాను. లోపల గడ్డకట్టేది కడుతూనే ఉంటుంది, దానికి మందు ఇంకా మాకు దొరకలేదు.

"దొరికిందాకా ఇది కుడతా ఉంటాలే," అన్నాడు.

వేట మొదలయ్యే ముందు ఓనరు వచ్చాడు. వల ఒక కొన కాలికింద తొక్కిపట్టి గట్టిగా లాగి చూశాడు. ముడి జారలేదు.

"ఇంకోటి ఉండాదన్నా. సాయంత్రం పంపిస్తా."

"సాయంత్రం వొద్దు," అన్నాడు మామ. "పొద్దున్నే పంపించు. నా చెయ్యి అప్పుడే బాగుంటది."