తెరచాప కొయ్య ఎంత వంగాలి

2007 ఆగస్టులో కొల్లేటి ఒడ్డున జరిగిన తెరచాప పడవల శిబిరానికి నన్ను చీఫ్ ఇన్‌స్ట్రక్టరుగా వేశారు. మా తాతగారికి ఏలూరు చుట్టుపక్కల ఊళ్లుండేవి. నా దాకా వచ్చేసరికి ఇంటిపేరు, నిటారు వెన్నెముక మిగిలాయి. రెండోదాన్ని తాకట్టు పెట్టుకునేవాడు దొరకలేదు.

జూనియర్ జట్టులో ఒక్క చోటే ఖాళీ. తాడేపల్లిగూడెం టీచరమ్మగారి అమ్మాయి రూతు దానికి పోటీపడుతోంది. చుక్కాని పట్టే చెయ్యి మంచిది, మనిషి మరీ తేలిక. గాలి పెరిగితే పడవను అదుపులో ఉంచే బరువు ఆమెకు లేదు. ఆ లోటు చాపతోనే తీర్చాలి.

చాప ముందంచును, అంటే కొయ్యకు ఆనే అంచును, తిన్నగా కోయరు. కాస్త ఉబ్బెత్తుగా కోస్తారు. దాన్ని లఫ్ కర్వ్ అంటాం. కొయ్య తిన్నగా ఉంటే ఆ అదనపు గుడ్డ వెనక్కి జరిగి చాపకు బొజ్జ వస్తుంది. చిన్న గాలికి ఆ బొజ్జే బలం. పెద్ద గాలిలో అదే పడవను పడదోస్తుంది. అప్పుడు కొయ్య నడుమును ముందుకు వంచితే, అదనపు గుడ్డ ఆ వంపులోకి పోయి చాప చదునవుతుంది. కొయ్య అంటాం గానీ, అది అల్యూమినియం గొట్టం.

ఎంపిక పోటీకి ముందురోజు, శిబిరం నడిపే డైరెక్టరుగారు వచ్చారు. ఇస్త్రీ చెడకుండా కూర్చోగల మనిషి. మేం వంచి ఉంచిన రూతు పడవ కొయ్యను చూశారు.

"ఏవండీ, ఇదేంటండీ ఇలా వంగిపోయింది? రేపు పెద్దలొస్తున్నారు. తిన్నగా నిలబెట్టించండి."

కారణం వివరించాను.

"నిటారుగా ఉండటం గురించి మీకు నేను చెప్పాలాండీ? మిమ్మల్ని చూసైనా ఆ కొయ్య నేర్చుకోవద్దూ?"

అందరూ నవ్వారు. కొయ్య డెక్కులో దూరేచోట, దాని ముందు చెక్కలు బిగిస్తే ఇక వంగదు. అన్ని పడవలకూ బిగించాం.

తెల్లారేసరికి పడమటి గాలి లేచింది.

"ఈ బొజ్జతో వెళ్తే బురదలో తేలతానండీ," అంది రూతు.

నిజమే. కొల్లేటిలో లోతు తక్కువ. పడవ బోర్లాపడితే కొయ్య కొన బురదలో దిగబడుతుంది. పోటీ అక్కడితో సరి.

"డైరెక్టరుగారి హుకుం ఆయన షామియానా వరకే అమ్మా. నీళ్ల మీద పడవకు పెద్ద నువ్వే," అన్నాను.

"చెక్కలు పారేయమంటారాండీ?"

"ప్రభుత్వ సొమ్ము. జేబులో పెట్టుకో."

షామియానా ముందు కొయ్య నిటారుగా నిలిపి సెల్యూట్ చేసింది. పెద్దలు చప్పట్లు కొట్టారు. మనిషెత్తు కిక్కిస గడ్డి చాటుకు వెళ్లగానే చెక్కలు ఊడదీసి, చాప అడుగున ఉండే అడ్డగొట్టాన్ని, అంటే బూమ్‌ను, కిందికి లాగే తాడు బిగించింది. కొయ్య వంగింది, చాప పలకలా పరుచుకుంది. ముందున్న రెండు పడవలూ బొజ్జలతో సహా బురద చూశాయి. రూతు మొదట గమ్యం దాటి, ఒడ్డు చేరేలోపు చెక్కలు మళ్లీ బిగించేసింది.

"కొయ్య తిన్నగా ఉంటే ఫలితం ఇలా ఉంటుందండీ!" అని డైరెక్టరుగారు మైకులో చెప్పారు. జట్టు ఎంపిక మీద సంతకం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నేనూ చప్పట్లు కొట్టాను. రూతు పేరు ఖాయమైంది. తర్వాత నన్ను పిలిచి దండ వేశారు.

కొయ్య వంగవచ్చు, గుడ్డ కోసినంత మేరకే. మించితే చాప నిండా ముడతలు పడతాయి. దండకు మెడ వంచాను, నడుము వంచలేదు. మా తాతగారు నన్ను అంతవరకే కోశారు.