కొమ్ము టక్కున విరిగిన రోజు

నా చిన్నప్పుడు మా అమ్మకు కడుపులో ఆపరేషన్ అని నాన్న నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. నన్ను పక్కింటి అక్క దగ్గర వదిలారు. అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే పెద్దవాళ్లంతా రేపు అనేవారు. తెల్లారితే మళ్లీ రేపే. నాకు అప్పుడూ ఓపిక తక్కువే, ఇప్పుడూ పెద్దగా పెరిగిందేమీ లేదు. అమ్మ ఇక రాదేమో, నా దగ్గర దాస్తున్నారేమో అని భయం పట్టుకుని అన్నం మానేశాను.

మా ఆర్మూరు చుట్టుపక్కల అది పసుపు ఉడకబెట్టే కాలం. అక్కవాళ్ల కల్లంలో ఏ రోజు ఉడికిన పసుపును ఆ రోజు వేరే వరుసగా ఆరబోసేవారు. బడిలో అప్పుడే ఇంగ్లీషు మొదలైన అక్క, తాను బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి నన్ను ఆ వరుసల మధ్యకు తీసుకుపోయింది. నిన్న పోసింది యెస్టర్‌డే, ఇంకా పొగలు కక్కుతున్నది టుడే, పక్కనున్న ఖాళీ నేల టుమారో అని చూపించింది. ఆ మాటలు వింతగా ఉండి, ఖాళీ నేల మీద కాసేపు గెంతాను. మర్నాడు పోయి చూస్తే నా టుమారో మీద పసుపు పోసి ఉంది. దాన్నిప్పుడు టుడే అనాలట. నాకు ఒళ్లు మండింది. ఇదీ పెద్దవాళ్ల రేపు లాంటిదేనని ఏడ్చాను.

అక్క నవ్వలేదు. అమ్మ దవాఖానకు పోయిన రోజు పోసిన వరుస దగ్గర కూర్చోబెట్టి, ఒక పసుపు కొమ్ము చేతిలో పెట్టి విరవమంది. అది వంగింది గానీ విరగలేదు.

"ఇంక పచ్చిగనే ఉంది చూడు చెల్లె. మీ అమ్మ కుట్లు గూడ గిట్లనే పచ్చిగున్నయి. గీ కొమ్ము టక్కున విరిగే యాల్లకు వస్తది. రేపు అని నేనైతే చెప్ప."

ఆ మాట నమ్మాను. రోజూ పొద్దున్నే ఒక కొమ్ము వంచి చూసి, అక్కకు చెప్పి, అన్నం తినేదాన్ని. చివరికి ఒకనాడు కొమ్ము టక్కున విరిగింది. పొద్దుగూకేదాకా వాకిట్లో కూర్చున్నాను. అమ్మ రాలేదు. అక్క ముఖం చిన్నబోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకే జాలేసింది.

"అమ్మ ఇంక జర పచ్చిగున్నట్టుంది అక్కా," అన్నాను.

తర్వాత కొద్దిరోజులకే అమ్మ వచ్చింది, నాన్న భుజం పట్టుకుని మెల్లగా నడుస్తూ.

ఇప్పుడు నా మనవరాలు, దుబాయిలో ఉన్న వాళ్ల నాన్న ఎప్పుడొస్తాడని అడుగుతుంది. ఇంట్లో అందరూ టుమారో అని తేలిగ్గా అనేస్తారు. నా నోటికి ఆ మాట రాదు. మనవరాలికి ఈ పసుపు కొమ్ము కథ తెలుసు. "ఇంక పచ్చిగనే ఉంది బిడ్డా," అని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం కలుపుతాను.