అమ్మ ఎదురు రాని ఆదివారాలు

ఆదివారం తెల్లవారుజామున నేను కారు తాళాలు చేతిలోకి తీసుకుంటే చాలు, అమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. టిఫిన్ డబ్బా సర్ది బల్ల మీద పెట్టేది, పక్కనే నీళ్ళ సీసా ఉంచేది. కానీ నేను గేటు దాటేదాకా ముఖం మాత్రం చూపించేది కాదు. "వెళ్ళొస్తానమ్మా" అని అరిస్తే లోపలి నుంచే "ఊఁ, జాగర్తే" అనేది. నాన్న పోయినప్పటి నుంచీ ఇదే వరస. బయటికి పోయే మనిషికి భర్త పోయిన తాను ఎదురు రాకూడదని ఆమె పట్టుదల.

నేను నరసరావుపేటలో పళ్ళ డాక్టర్ని. వారమంతా జనం నోళ్ళల్లోకి లైటు వేసి చూడటమే నా పని. ఆదివారాలు మాత్రం మాచర్ల దాటి, సాగర్ దగ్గరున్న చిన్న రన్‌వేకి పోయి విమానం నడుపుతాను. సరదాకి నడుపుకునే లైసెన్సు నాన్న ఉండగానే వచ్చింది. ఆడపిల్లకి ఇదేం పిచ్చి అన్న చుట్టాలతో, "అది ట్రాక్టర్ తోలినప్పుడు నోరెత్తలేదుగా, ఇదీ అంతే" అని నాన్న తగువేసుకునేవాడు. ఆ లైసెన్సుతో ఆకాశం తేటగా ఉన్నప్పుడే ఎగరాలి. మబ్బులోకి పోవాలంటే, బయట ఏమీ కనపడకపోయినా ముందున్న మీటర్లను చూసి నడపడం నేర్చుకుని ఇంకో పరీక్ష పాసవ్వాలి. దాన్నే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అంటారు. నాన్న పోయాక నేను మొదలుపెట్టింది అదే.

నేర్పేటప్పుడు నుదుటికి హుడ్ అని ఒకటి తగిలిస్తారు. గానుగెద్దుకి గంతలు కట్టినట్టు ఉంటుంది. అద్దంలోంచి బయటికి చూపు పోదు, మీటర్లు మాత్రమే కనపడతాయి. మొదటి రోజే మా సారుతో గొడవపడ్డాను. విమానం తిన్నగా పోతోందని నా ఒళ్ళంతా చెబుతోంది. మీటరేమో ఎడమ రెక్క వంగిపోయిందంటోంది.

"సార్, మీ మీటరు పాడైంది" అన్నాను.

"అట్నా? హుడ్ తీసి చూడమ్మా" అన్నాడాయన.

తీసి చూస్తే కింద మిర్చి కళ్ళాలన్నీ ఎర్రగా ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. ఒరిగింది అవి కాదు, నేను. సిగ్గుతో చచ్చిపోయాను.

"చెవిలోపల ఉండే బ్యాలెన్సు మబ్బులో అబద్ధం చెప్తదమ్మా. ఎంత గట్టిగా అనిపిస్తే అంత అనుమానపడాలి. చానామంది పోయింది అట్నే" అన్నాడు సారు. నవ్వుతూ చెప్పలేదు.

ఆ మాట నా బుర్రలో తిష్ఠ వేసింది. ఇంటికొస్తూ పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పొగలో కారు నడుపుతుంటే అమ్మే గుర్తుకొచ్చింది. తన ముఖం మంచిది కాదని ఆమెకీ గట్టిగా అనిపిస్తోంది. అనిపించడం తప్ప దానికి ఇంకే ఆధారమూ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో చెప్పలేను. పెళ్ళిళ్ళకి పిలిచి చివరి వరసలో కూర్చోబెట్టే మా చుట్టాల మీద కావచ్చు.

పరీక్ష తేదీ ఖాయమైన రోజు అన్నం తింటూ అడిగేశాను.

"అమ్మా, ఈసారి నువ్వే నాకు ఎదురు రావాలి."

"నోరుముయ్యి. ఏం మాటలే అయ్యి?"

"నువ్వు రాకపోతే నేను పరీక్షకే పోను."

"ఏందే ఈ పంతం? గాల్లోకి పోయేదానివి. బండి మీద పోయేదానివైనా కాదు."

అక్కడితో ఆపి ఉండొచ్చు. మా ఇంట్లో ఆ గుణం ఎవరికీ లేదు. "నాన్న గుంటూరు మిర్చి యార్డుకి పోయిన రోజు నువ్వు ఇంత బొట్టు పెట్టుకుని ఎదురెళ్ళావుగా. మరి నాన్న తిరిగొచ్చాడా?" అనేశాను. ఆ రోజు అక్కడి మిర్చి బస్తాల మధ్యనే ఆయన గుండె ఆగిపోయింది.

అమ్మ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "అందుకేనే నా భయం. అప్పుడే అట్లా అయితే, ఇప్పుడు ఇంకెట్లా ఉంటదో" అంది.

నాకు ఏడుపొచ్చింది, ఆమెకు రాలేదు. కంచం తీస్తూ, "సరే, వస్తాలే. నువ్వు పోకుండా మాత్రం ఉండబాక" అంది.

పరీక్ష రోజు నేను లేచేసరికే తలంటుకుని ఉంది. నాన్న ఉన్నప్పుడు కొన్న గంధం రంగు చీర కట్టుకుంది. నేను గడప దిగుతుంటే గేటు బయటి నుంచి చెంబు నిండా నీళ్ళతో ఎదురొచ్చింది. నీళ్ళు చీర మీద ఒలికినా ఆగలేదు. అంత ధైర్యం నేను విమానంలో కూడా ఎప్పుడూ చెయ్యలేదు. ఆమెను గట్టిగా పట్టుకుని, "చూస్తూ ఉండు, సాయంత్రానికి పాసై వస్తాను" అన్నాను.

ఫెయిలయ్యాను.

పరీక్ష పెట్టే ఆయన కళ్ళు మూసుకోమని, విమానాన్ని అటూ ఇటూ తిప్పి, ఇప్పుడు సరిచెయ్యమన్నాడు. కళ్ళు తెరిస్తే విమానం ముక్కు కిందికుంది, వేగం పెరిగిపోతోంది, రెక్క వంగి ఉంది. ఇంజిను తగ్గించి, ముందు రెక్కలు సమం చేసి, ఆ తర్వాతే ముక్కు ఎత్తాలి. నేను కంగారుపడి ముందే ముక్కు ఎత్తాను. వంగిన రెక్కతో ఎత్తితే విమానం ఇంకా చిన్న చుట్టుగా సుడి తిరుగుతూ కిందికి పోతుంది. ఆయన కంట్రోల్స్ తీసుకున్నాడు. కిందికి దించింది కూడా ఆయనే.

అమ్మ ఆ చీరలోనే వసారాలో కూర్చుని ఉంది. నా ముఖం చూడగానే అర్థమైపోయింది. నేను చేతులు రెక్కల్లా పెట్టి, ముక్కు ఎట్లా ఎత్తాలో, నేను ఎట్లా ఎత్తానో, తప్పు నాదేనని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాను. ఓపిగ్గా అంతా వింది.

"అవున్లే, అదే అయ్యుంటది" అంది నా వైపు చూడకుండా. తర్వాత చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

శకునం అబద్ధమని చూపించబోయి, శకునాన్నే పరీక్షకు పెట్టాను. పాసైతే శకునం మంచిదైందంటారు, ఫెయిలైతే చెడ్డదంటారు, ఎటైనా గెలిచేది అదే. అది నాకు ఆ రాత్రి గానీ తెలియలేదు.

మళ్ళీ పరీక్షకి తేదీ ఇచ్చారు. ముందురోజు సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చేసరికి అమ్మ సంచి సర్దుకుని ఉంది. రొంపిచర్లలో పిన్నికి నడుం పట్టేసిందట, ఒక పూట ఉండి వస్తానంది. పిన్నికి ఫోన్ చేస్తే నిజం తెలిసిపోయేది. చెయ్యలేదు, బస్సెక్కించి వచ్చాను. తెల్లారి గేటు తీస్తే పక్కింటి వదిన ఇంత బొట్టు పెట్టుకుని బిందెతో ఎదురొచ్చింది. "అత్తయ్య నిన్నే చెప్పిపోయిందిలే, మర్చిపోబాకని" అంది. వదిన చేసిన తప్పేమీ లేదు. తల ఊపి కారెక్కాను.

ఈసారీ కళ్ళు తెరిచేసరికి ముక్కు కిందికే ఉంది. ఎత్తు, ఎత్తు అని ఒళ్ళంతా మొత్తుకుంది. ఇంజిను తగ్గించాను. రెక్కలు సమం చేశాను. అప్పుడు ఎత్తాను. "గుడ్" అన్నాడాయన, అంతే. దిగాక చెయ్యి కలిపి పాసయ్యావన్నాడు. సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. అమ్మకి ఏమని చెప్పను? రన్‌వే పక్కన ఎండలో ఫోన్ పట్టుకుని నిలబడిపోయాను. ఫెయిలయ్యానని చెబుదామా అని కూడా అనిపించింది. అట్లా చెబితే ఇంకోసారి తన ముఖాన్నే తిట్టుకుంటుందేమో, ఇంత దూరంలో ఉన్నా తన నీడే నాకు తగిలిందంటుందేమో. నిజమే చెప్పాను.

"పాసయ్యానమ్మా."

అటు నుంచి ఏడుపు, నవ్వు కలిసి వినపడ్డాయి. పిన్నిని కేకేసింది, "ఏమే, పిల్ల గెలిచిందే!" అని. నాన్న పోయాక ఆమె గొంతు అంత తేలిగ్గా ఉండటం నేను వినలేదు.

"నే చెప్పలా?" అంది. "నా మాట ఇనవు గదా నువ్వు."

"అమ్మా, అది కాదు..."

"ఇంకేం మాట్టాడబాక. నువ్వు ఎప్పుడు ఎగరాలన్నా ముందురోజు నాకో మాట చెప్పు తల్లీ, నేను ఇటు పిన్ని దగ్గరికి వచ్చేస్తా. బస్సు గంటకొకటి ఉంది."