మూడోసారి ఆగని ప్రొపెల్లర్

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేశాను. దయ్యాల కొంప అని ఎవరు కబురు చేసినా వెళ్లి చూశాను. ఎలుకలు, గడియ ఊడిన కిటికీలు తప్ప ఏమీ కనబడలేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

మా చెల్లెలు సుజాత వాళ్ల ఫ్లాట్ కొండాపూర్‌లో, పదో అంతస్తు. ఆమె భర్త రమేశ్ ఊరి బయట ఒక శిక్షణ కేంద్రంలో చిన్న విమానాల మెకానిక్. ఇంజన్ వేగం మారకుండా ఆ విమానాల ప్రొపెల్లర్ రెక్కలు వాటంతట అవే వాలు మార్చుకుంటాయి. ఆ వేగం ఎంతవరకు పోవాలో ఒక చిన్న మరమేకు నిర్ణయిస్తుంది. దాన్ని సరిచేశాక నట్టు బిగించి, కదలకుండా తీగ చుట్టాలి. ఎగిరే ముందు పైలట్ లీవర్‌ను మూడుసార్లు వెనక్కి లాగి ముందుకు తోస్తాడు. ఇంజన్ గొంతు తగ్గి, లేచి, ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంది. పెళ్లయిన కొత్తలో ఆరేళ్లు రన్‌వే పక్క క్వార్టర్‌లో ఉన్నారు. అది సరిగా ఉందో లేదో సుజాతకు వంటింట్లోంచే తెలిసేది.

నిరుడు వానాకాలంలో ఒక ఉదయం, పది గంటల వేళ, వాళ్ల హాల్లో పేపర్ చదువుతున్నాను. ఇంజన్ శబ్దం మొదలైంది. రోడ్డు మీంచి కాదు, గోడల్లోంచి వస్తున్నట్టు. తగ్గింది, లేచింది. మళ్లీ తగ్గింది, లేచింది. మూడోసారి లేచింది కానీ ఆగలేదు. కీచుమంటూ పైకి పోతూనే ఉండి, టక్కున తెగిపోయింది.

నేనూ సుజాతా బాల్కనీలోకి వెళ్లాం. కోకాపేట వైపు క్రేన్లు తప్ప ఆకాశంలో ఏమీ లేదు. ఈలోగా ఎవరో తలుపు కొట్టారు. వరండా తుడిచే లక్ష్మమ్మ.

"మీ మిక్సీ కాలుతున్నట్టుందమ్మా, జర చూసుకోండ్రి" అంది.

సుజాత అప్పటికే ఫోన్ తీసి రమేశ్‌కు కలిపింది. ముందు రోజు సాయంత్రం రమేశ్ ఒక విమానం ప్రొపెల్లర్ సరిచేశాడు. సరిచేసినవాడే మొదటిసారి పైలట్ పక్కన కూర్చుని వెళ్లడం అక్కడి అలవాటు. ఫోన్ మోగేసరికి బెల్టు పెట్టుకుంటున్నాడట.

"ఏంది, కొండాపూర్ల కూసోని నా ఇంజన్ ఇంటున్నవా?" అని నవ్వాడు.

సుజాత నవ్వలేదు. "జర దిగి ఇంజన్ మూత తీసి చూడు. నాకోసం చూడు."

గొణుక్కుంటూ దిగాడట. నట్టు వేలితో తిప్పితే తిరిగింది. తీగ అసలు లేనే లేదు.

మామూలుగా రెండు మూడుసార్లు సరిచేస్తే గానీ వేగం కుదరదు. అందుకని నేల మీద పరీక్ష అయ్యేదాకా నట్టు వదులుగానే ఉంచుతాడు. ముందు రోజు మొదటిసారికే కుదిరింది. ఆ సంతోషంలో నట్టు బిగించకుండానే మూత వేసి, పని పూర్తయిందని పుస్తకంలో సంతకం పెట్టేశాడు. గాలిలో ఆ మరమేకు తిరిగి ఉంటే వేగం హద్దు దాటి పోయేదని రాత్రి అన్నం ముందు కూర్చుని చెప్పాడు. ముద్ద నోట పెట్టలేదు.

నేను నా పద్ధతిలో విచారించాను. పైఅంతస్తులో, కిందఅంతస్తులో డ్రిల్లింగ్ పని లేదు. సెక్యూరిటీ వాళ్లు ఏమీ వినలేదు. చివరికి రమేశ్‌నే అడిగాను, లీవర్ మూడుసార్లు లాగింది ఫోన్‌కు ఎంతసేపు ముందు అని.

అప్పటికి ఇంజన్ స్టార్టే చెయ్యలేదన్నాడు.

మేం ముగ్గురం విన్న శబ్దం అప్పటికింకా జరగలేదు. ఆ తర్వాతా జరగలేదు. అదేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.