చెయ్యి కదిలితేనే నడిచే వాచీ

మామయ్య స్నానానికి వెళ్తూ బల్ల మీద పెట్టిన వాచీ మళ్ళీ ఆగిపోయి ఉంది. ఊరికే తీసుకుని ఒకసారి ఊపాను. సెకన్ల ముల్లు వెంటనే పరుగందుకుంది. వాచీ బాగానే ఉంది. మరి వారంగా ఆయన ఎడమ చేతికి ఉన్నప్పుడే ఎందుకు ఆగిపోతోంది?

అది పాత జపాన్ వాచీ. సెల్ ఉండదు, కీ ఇవ్వక్కర్లేదు. చెయ్యి కదిలినప్పుడల్లా లోపల అర్ధచంద్రంలాంటి చిన్న బరువు తిరిగి స్ప్రింగును చుడుతుంది. మామయ్య బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో దుబాయ్ నుంచి ఒక స్నేహితుడు తెచ్చిచ్చాడట. వారం పేరు ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ చూపిస్తుంది. అరబ్బీలో ఆదివారం చూసుకుని చర్చికి బయలుదేరడం ఆయనకు సరదా.

ఆ వారమంతా బోయిగూడలోని మా ఇంట్లో ఒకటే ముచ్చట.

"సెల్ అయిపోయుంటది, మార్పియ్యరాదా?" అనేది అత్తమ్మ.

"దీనికి సెల్ ఉంటదా? పెండ్లయిన సంది చెప్తున్న, నీకు ఎక్కుతనే లేదు."

"అయితే దానికి సుత ముసలితనం వచ్చింది, మీ లెక్కనే."

ఆయన నవ్వేవారు. నేనూ నవ్వాను.

ఆ వాచీలు చేసిన కంపెనీ కథ మా పిల్లలకు మామయ్య ఎన్నిసార్లు చెప్పారో. టోక్యోలో ఒకాయన గడియారాలు బాగుచేస్తూ మొదలుపెట్టి ఫ్యాక్టరీ దాకా ఎదిగాడట. ఒకనాడు పెద్ద భూకంపం, దాని వెనకే మంటలు. జనం రిపేరుకిచ్చిన వాచీలు కూడా కాలిపోయాయి. ఆయన వాళ్ళందరికీ కొత్తవి ఇచ్చాడట. "నమ్మి అప్పజెప్పిన సొమ్మురా అది. కాలిపాయె అంటే అయిపోతదా?" అనేవారు మామయ్య.

మా ఆయనది రైల్వే ఉద్యోగం. డ్యూటీకి పోతూ "డాడీని జెర చూస్కో" అనకుండా గడప దాటరు.

వాచీ పట్టుకుని నిలబడితే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం. ఎండ ఎక్కువుందని పద్మారావు నగర్ దాకా నడక మానేయడం. చర్చిలో పాటల పుస్తకం జారిపోతే పిల్లలు తీసివ్వడం. అన్నీ నా కళ్ళముందే జరిగాయి.

ఆయన స్నానం చేసి బయటికి రాగానే అడిగాను. "మామయ్యా, ఎడమ చెయ్యి పైకెత్తండి."

భుజం దాకా కూడా రాలేదు.

"జెర బరువుగ ఉంటుంది బిడ్డా. వాడు డ్యూటీల ఉన్నడు, మిమ్మల్ని పరేషాన్ చేసుడెందుకని..."

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పక్షవాతం అన్నారు. ప్రాణానికి భయం లేదు, కానీ మొదటిరోజే తెస్తే చెయ్యి ఇంకా బాగా తిరిగొచ్చేది అన్నారు డాక్టరు. రోజూ కదిలిస్తూ ఉంటే కొంత రావచ్చట. మా ఆయన రోజూ నాకు అప్పజెప్పి వెళ్ళింది ఈ మనిషినే. కాలిపోయిన వాచీకి కొత్త వాచీ ఇవ్వచ్చు. చెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఇంటికి తీసుకొచ్చిన మర్నాడు పొద్దున, ఆగిన వాచీని పిల్లలు పోటీపడి ఊపుతున్నారు. తీసుకుని మామయ్య ఎడమ చేతికే కట్టాను.

"ఉత్తగ ఊపొద్దు. తాత చెయ్యి పట్టుకుని, మెల్లగ ఊపండి" అన్నాను. "ఇది ఆగకుండ చూసుడు ఇయ్యాల్టి సంది మన పని."