ఎల్లారెడ్డి నుంచి రెండు సముద్రాలు

ఇసుకను చూడటానికి కూడా మనుషులు డబ్బులిచ్చి వస్తారని వజీర్‌కు దుబాయ్‌లో తెలిసింది. అక్కడ ఆయన ఓ టూరిస్టు కంపెనీలో డ్రైవరు. పొద్దు వాలే వేళకు దేశదేశాల వాళ్లను బండిలో ఎక్కించుకొని ఎడారిలోకి తీసుకుపోయి ఓ ఇసుక దిబ్బ దగ్గర దించేవాడు. వాళ్లు ఇసుకను చూసేవాళ్లు. ఇసుకలో ఫొటోలు దిగేవాళ్లు. బూట్లలో చేరిన ఇసుకను దులుపుకొని మళ్లీ బండెక్కేవాళ్లు. మొదట్లో వజీర్‌కు వాళ్లను చూస్తే జాలేసేది. కొన్నేళ్లు పోయాక అర్థమైంది. వాళ్ల ఊళ్లలో ఇసుక దిబ్బలు లేవు, అంతే సంగతి.

యాభై దగ్గర పడుతుండగా ఎల్లారెడ్డికి తిరిగొచ్చి, ఓ పాత టెంపో కొని బస్టాండ్ పక్కన పెట్టుకున్నాడు. పెళ్లిళ్లకు, దావత్‌లకు తిప్పేవాడు. వేములవాడకు, బాసరకు, ఏడుపాయలకు తీసుకుపోయేవాడు. వానలు బాగా పడి నిజాంసాగర్ గేట్లెత్తారంటే కామారెడ్డి నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఆయనకు ఫోన్ చేసేవి. అక్కడ నీళ్లు పైనుంచి కిందికి పడతాయి. జనం నిలబడి చూస్తారు, మక్క కంకులు తింటారు, సాయంత్రానికి ఇల్లు చేరతారు. అందులో వజీర్‌కు వింతేమీ కనిపించలేదు. కామారెడ్డి ఇండ్లలో నీళ్లు నల్లాలోంచి పడతాయి, అవీ దినం తప్పి దినం.

ఆ తర్వాత ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులు ఫ్రీ అయ్యాయి. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. వజీర్ బండి కదలటం మానేసింది. ఏడుపాయలకు పోయే ఆడవాళ్లు ఆయన కళ్లముందే బస్సెక్కేవాళ్లు. తెలిసినవాళ్లు కాబట్టి కిటికీలోంచి చెయ్యి కూడా ఊపేవాళ్లు. ఆయన భార్య హుస్నా ఇదివరకు కామారెడ్డిలోని చెల్లెలింటికి పండక్కో పబ్బానికో పోయేది. ఇప్పుడు వారం తిరక్కుండా పోతోంది. చెల్లెలికి ఒంట్లో బాగాలేదేమోనని వజీర్ అడిగాడు. నిక్షేపంలా ఉందని చెప్పింది హుస్నా. మరెందుకు పోతున్నావని అడిగాడు.

"పోవచ్చు గనక," అంది ఆమె వాళ్లింటి ఉర్దూలో.

దుబాయ్ కంపెనీ వాళ్లు ఇచ్చిన ట్రైనింగులో కూడా టూరిజం గురించి ఎవరూ ఇంత తేటగా చెప్పలేదు.

ఏడాదిన్నర అలాగే గడిచింది. బండి అమ్మేద్దామని బేరం కూడా పెట్టాడు. ఆ సంగతి తెలిసిందో లేదో గాని, ఓ రోజు పక్క ఊరి సాలవ్వ వచ్చి ఆయన బండి మెట్టు మీద కూర్చుంది. అరవై దాటిన మనిషి. పుట్టిల్లు సరిహద్దులోని మద్నూర్ కాబట్టి మరాఠీ కూడా వస్తుంది. ఊళ్లో బీడీలు చేసే ఆడవాళ్లలో ఆమె మాటకు ఎదురులేదు. ఫ్రీ బస్సు వచ్చాక వాళ్లందర్నీ పోగేసి గుడి తర్వాత గుడి తిప్పింది ఆమే.

"వజీరూ, ఇగ చూసేటియి ఒడిసినయ్," అంది.

"ఏం అయిపోయినయ్ అవ్వా?"

"అన్నీ. యాదగిరిగుట్ట రెండుసార్లు పోయినం. భద్రాచలం పోయినం. గోల్కొండ ఎక్కి దిగినం. హైదరాబాద్‌ల మెట్రో రైలు గూడ ఎక్కినం, దానికి ఫ్రీ లేదంట, పైసలు కట్టినం. ఇగ గీ బస్సు పోయే కాడికి మేము పోయినం. బస్సు పోని కాడికి నువ్వు తోల్కపో."

వజీర్ బండి దిగి వచ్చి ఆమెకు చాయ్ చెప్పాడు. తన కూట్లో మట్టి కొట్టిందనుకున్న ఫ్రీ బస్సు ఏం పని చేసిందో ఆయనకు అప్పుడు తెలిసింది. ఇల్లు కదలని మనుషులకు తిరిగే రుచి చూపించి, తెలంగాణ సరిహద్దు దాకా తెచ్చి వదిలేసింది.

"ఎక్కడికి పోదామంటవ్?"

"సముద్రం కాడికి."

"సముద్రమా? ఎందుకవ్వా?"

"ఎందుకేంది? ఊళ్లె మొగోళ్లంత సముద్రం దాటి దుబాయ్ పోయిర్రు, మస్కట్ పోయిర్రు. దాటుడు ఎట్లాగు లేదు. మేము చూడనన్న చూడొద్దా?"

వజీర్ ఆ సముద్రాన్ని ఎన్నోసార్లు దాటాడు. ప్రతిసారీ విమానంలో నడిమి సీటే దొరికింది. సముద్రం ఆయనకు కనిపించనే లేదు.

చిక్కల్లా సాలవ్వ కొడుకు హన్మండ్లుతో వచ్చింది. గుడి అంటే తల్లి ఎక్కడికి పోయినా అతను కాదనడు. సముద్రం అనేసరికి, "అండ్ల ఏమున్నదే? నీళ్లే గద! గాడికి పోయి ఏం చేస్తవ్?" అన్నాడు. మిగతా ఇండ్లలోనూ అదే మాట. దేవుడు లేనిచోటికి ముసలాళ్లను పంపించటం ఊళ్లో అలవాటు లేదు.

దేవుణ్ణి వెతికే పని వజీర్ మీద పడింది. ఫోన్లో చూసి, తెలిసిన డ్రైవర్లను అడిగి, చివరికి మచిలీపట్నం తేల్చాడు. అక్కడ చిలకలపూడిలో పాండురంగస్వామి గుడి ఉంది. దారిలో బెజవాడ కనకదుర్గ ఉంది. గుడికి కొద్ది దూరంలో మంగినపూడి బీచ్ ఉంది. ఊరివాళ్ల ముందు మొదటి రెండింటి గురించి మాట్లాడాడు. మూడోదాని గురించి ఎవరూ అడగలేదు.

బయల్దేరే పొద్దున హుస్నా కూడా కొత్త బురఖా తొడుక్కొని, చేతిలో సంచీతో వచ్చి ముందు సీట్లో కూర్చుంది. నువ్వెక్కడికని వజీర్ అడిగాడు. పందొమ్మిదేళ్లు నువ్వు ఆ పక్కన, నేను ఈ పక్కన, మధ్యలో ఏముందో చూడొద్దా అని అడిగింది. వెనక సీట్లలోని ఆడవాళ్లు హుస్నక్క ఉంటే తమకూ తోడంటూ సంబరపడ్డారు. వజీర్ బండి స్టార్ట్ చేశాడు.

సూర్యాపేట దాటేదాకా వాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుట్టారు. తిరిగినంత మాత్రాన కూలి ఎందుకు పోగొట్టుకోవాలని సాలవ్వ లెక్క. ఒక్క పోచవ్వ మాత్రం బీడీలు చుట్టలేదు. యాభై ఏళ్ల మనిషి, చాలా తక్కువ మాట్లాడుతుంది. ఆమె భర్త మల్లన్న కూలి పనికని మస్కట్ పోయి, రెండో ఏడాదే అక్కడ చనిపోయాడు. శవం రాలేదు. అక్కడే కానిచ్చేశారని కబురొచ్చింది. అది జరిగి చాలా ఏండ్లయింది. దారి పొడుగునా ఆమె పెదవులు కదుపుతూ కిటికీలోంచి చూస్తోంది. మొక్కులేవో మొక్కుకుంటోందని అందరూ అనుకున్నారు.

దుర్గమ్మ దర్శనమైంది. పాండురంగడి దర్శనం కూడా అయింది. దర్శనాలు ఇంత తొందరగా తెమలటం వజీర్ ఎన్నడూ చూడలేదు.

బీచ్ దగ్గర దిగి అందరూ వరసగా నిలబడ్డారు. అక్కడి నీళ్లు బురద రంగులో ఉన్నాయి.

"గిదేంది, మంజీర వరద లెక్కనే ఉన్నది," అంది సాలవ్వ. కాసేపు చూసి, "గని ఒడుస్తలేదు," అంది.

చీరలు మోకాళ్ల దాకా ఎత్తి కట్టి ఒక్కొక్కరే దిగారు. అల వచ్చినప్పుడల్లా ఒకరినొకరు పట్టుకొని కేకలు పెట్టారు. హుస్నా బురఖా అంచు తడవకుండా చాలాసేపు పట్టుకుంది, ఆ తర్వాత వదిలేసింది.

పోచవ్వ మాత్రం అందరికీ ఎడంగా పోయి నిలబడి, సముద్రానికి వేలు చూపిస్తూ తిట్టటం మొదలుపెట్టింది. వజీర్ అలాంటి తిట్లు విని చాలాకాలమైంది. బతికున్న మనిషిని మింగినవని, కట్టెను కూడా పంపకపోతివని, నీ నీళ్లు ఇంకిపోనని, నీ కడుపుల మన్నుపడనని, ఊపిరి తీసుకోకుండా తిట్టింది. పక్కన ఫొటోలు తీసుకుంటున్న ఓ కుటుంబం జరిగి దూరంగా పోయింది. ఆడవాళ్లెవరూ ఆమెను ఆపలేదు. తిట్టి తిట్టి అలసిపోయాక కొంగుతో మొహం తుడుచుకొని వచ్చింది. మనిషి తేటగా కనిపించింది.

"అన్నా, మస్కట్ ఎటు దిక్కు?" అని వజీర్‌ను అడిగింది. "సక్కగ గిట్లనేనా?"

వజీర్‌కు అబద్ధం చెప్పొచ్చునని తోచలేదు. తోచి ఉంటే చెప్పేవాడేనని తర్వాత హుస్నాతో అన్నాడు.

"ఇటు గాదు చెల్లే," అన్నాడు. "మస్కట్ అటు ఉంటది, మన ఈపు దిక్కు. పడమర. ఇది తూర్పు సముద్రం. ఇటు పోతే బర్మా వస్తది."

నీళ్లలో ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ఒడ్డుకు వచ్చారు.

"అంటే మనోళ్లు దాటింది గిది గాదా?" అంది సాలవ్వ.

"గాదు. అది వేరే సముద్రం."

"మరి గిదెవలది?"

పోచవ్వ వెనక్కి తిరిగి సముద్రాన్ని చూసింది. "ఉత్తపున్యానికి తిట్టిన," అంది. "పాపం, దాన్ని." కొంగు దులుపుకొని, "తిట్టినయన్ని వట్టిగనే పోయినయ్," అంది.

బందరు హల్వా కొనుక్కొని వెనక్కి వచ్చారు. ఇండ్లలో దాన్ని ప్రసాదమని పంచారు. వీడియోలు మాత్రం ప్రసాదం కంటే ముందే ఊరు చేరిపోయాయి. వాటిలో గుడి ఎక్కడా లేదు. నడుముల్లోతు నీళ్లలో సాలవ్వ చప్పట్లు కొడుతూ ఉంది. హన్మండ్లు ఆ ఫోన్ పట్టుకొని వజీర్ ఇంటికి వచ్చాడు.

"ఏందన్నా గిది? పాండురంగడు ఏడి?"

"దర్శనం అయిందన్నా. గుళ్లె ఫోన్లు బంద్."

హన్మండ్లు వీడియో మళ్లీ పెట్టాడు. తల్లి అలా నవ్వటం అతను ఎప్పుడు చూశాడో అతనికే గుర్తుకు రాలేదు కాబోలు, కోపం తెచ్చుకోవటానికి చాలాసేపు ప్రయత్నించాడు. చివరికి గొంతు తగ్గించి, "మా ఇంటామె మూడు దినాల సంది మాట్లాడ్తలేదు," అన్నాడు. "అత్తను పంపినవ్, నన్ను పంపలేవని. ఇంకోపారి ఎప్పుడు పోతది బండి?"

వజీర్ ప్రకటన బోర్డు ఒకటి రాయించాలని అనుకుంటుండేవాడు. ఇక అక్కర్లేదని మానేశాడు. తిరిగొచ్చినవాళ్ల నోళ్లు ఉన్నాయి, రానివాళ్ల కడుపుమంట ఉంది. ఏ వ్యాపారానికైనా ఇంతకంటే ఏం కావాలి?

రెండో సముద్రం సంగతి సాలవ్వే ఎత్తుకుంది. తూర్పుది చూశాక పడమరది చూడకపోతే సగం పని చేసినట్టట. పైగా పోచవ్వ ఇల్లు కదలకుండా కూర్చుంది. తప్పు సముద్రాన్ని తిట్టానన్న దిగులు ఆమెకు పట్టుకుంది. ఈసారి దేవుళ్లు సులువుగానే దొరికారు. పండరిపురం ఉంది, కొల్హాపూర్ అమ్మవారుంది, గణపతిపులేలో సముద్రం ఒడ్డునే గణపతి గుడి ఉంది. అయినా హన్మండ్లు దేవుణ్ణి అడగలేదు. వాళ్లావిడకు కిటికీ పక్క సీటు మాత్రం అడిగాడు.

మద్నూర్ దాటిన దగ్గర్నుంచి బండి సాలవ్వ చేతుల్లోకి పోయింది. చాయ్ హోటళ్లలో, పార్కింగ్ దగ్గర, చెప్పుల స్టాండ్ దగ్గర ఆమె మరాఠీలో బేరమాడేది. గెలిచినప్పుడు దాన్ని తెలుగులోకి మార్చి అందరికీ వినిపించేది. కొల్హాపూర్ దాటాక ఘాట్ రోడ్డు దిగుతుంటే సగం మందికి వాంతులయ్యాయి. మిగతా సగం మంది వాళ్ల వీపులు నిమిరారు. గణపతిపులే చేరేసరికి సాయంత్రమైంది. గుడి మెట్లు దిగితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. నీళ్లు నిజంగానే నీలంగా ఉన్నాయి.

ఈసారి ఎవరూ కేకలు పెట్టలేదు. వజీర్ సూర్యుడు దిగుతున్న వైపు చెయ్యి చాపాడు.

"గటు. సక్కగ గటే మస్కట్. దానికి జెర అవతల దుబాయ్."

ఆడవాళ్లంతా అటు చూశారు. వాళ్లలో ఆ ఒడ్డున మనిషి లేని ఇల్లు లేదు. హుస్నా కూడా చూసింది. ఇంత దగ్గరా అని అడిగింది. కాదు, చాలా దూరమని వజీర్ చెప్పాడు. ఆమె తలూపింది.

పోచవ్వ చీర ఎగ్గట్టుకొని నీళ్లలోకి పోయింది. ఆమె తిట్టుకోవటానికి వీలుగా అందరూ వెనక్కి జరిగారు. ఆమె నిలబడింది. అలలు వచ్చాయి, పోయాయి. వేలు ఎత్తలేదు, నోరు తెరవలేదు. చీకటి పడుతుండగా తిరిగొచ్చి ఇసుకలో కూర్చుంది.

"ఏమన్నవే?" అని అడిగింది సాలవ్వ.

"ఏమనలె. తిడ్దామనే పోయిన. నోరు రాలె."

"గంత దూరం వచ్చి?"

"గంత దూరం వస్తె తెలిసింది. గీ నీళ్లకు ఏం తెలుస్తది, అక్కా?" కాళ్లకంటిన ఇసుకను చేత్తో రాల్చుకుంది. "చాయ్ దొరుకుతదా ఈడ?"

వజీరే పోయి చాయ్ తెచ్చాడు. తిరుగు దారిలో పోచవ్వ ఘాట్ రోడ్డంతా నిద్రపోయింది. మల్లన్న పోయాక ఆమె అంత నిద్ర పోవటం చూడలేదని సాలవ్వ అంది. గుంతలు వచ్చిన చోట వజీర్ బండిని మెల్లగా తీశాడు.

ఆ తర్వాత వజీర్‌కు తీరిక లేకుండా పోయింది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు వచ్చి సముద్రం ట్రిప్పు ఎప్పుడని అడుగుతున్నారు. తూర్పుదా పడమరదా అని ఆయన అడుగుతాడు. రెండు ఉంటాయని తెలియనివాళ్లు మొదట తూర్పుకు పోతారు, మరుసటేడు పడమరకు వస్తారు. సదాశివనగర్‌లో ఇంకొకాయన ఇలాంటి బండే పెట్టాడు. పెట్టనీ, అన్నాడు వజీర్. చూడని మనుషులు ఇద్దరికీ సరిపోయేంత మంది ఉన్నారు.

చలికాలం ముగుస్తుండగా హుస్నా మంచు కొండలు చూడాలంది. టెంపో అంత దూరం పోదని వజీర్ చెప్పాడు. తెలుసు, రైలు పోతుంది, చెల్లెలింటికి పోయినప్పుడు కామారెడ్డి స్టేషన్లో కనుక్కొని వచ్చానంది ఆమె. ఇద్దరూ బయల్దేరారు. దుబాయ్‌లో గాని ఇక్కడ గాని చూడటానికంటూ వజీర్ ప్రయాణం చేయటం అదే మొదలు. కిటికీ పక్కన కూర్చుని రెండు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు. నాగ్‌పూర్ దాటేదాకా, రైలు నెమ్మదించినప్పుడల్లా ఆయన కుడికాలు బ్రేకు కోసం నేలను నొక్కుతూనే ఉంది. హుస్నా అది చూసింది. రొట్టెల మూట విప్పి ఆయన చేతిలో ఒకటి పెట్టింది.