పుణ్యం నింపిన సంచి

ఈ సంగతి ఇంతవరకు నా డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. డైరీలో కూడా ఆ పేజీని పక్క పేజీకి జిగురుతో అంటించేశాను. ఇప్పుడు విప్పుతున్నాను. ఒక సంచి, ఒక సిగ్గరి, కొండ మీది కోతులు కలిస్తే ఎంత ప్రళయం వస్తుందో మీరే చూడండి.

తిరుమలకు నడిచి వెళ్ళే దారి ఒకచోట ఘాట్ రోడ్డు పక్కకు వస్తుంది. భక్తులు అక్కడ కోతులకు పళ్ళు వేస్తారు. కోతులు పళ్ళ కోసం రోడ్డెక్కుతాయి. బస్సులు కోతుల కోసం ఆగవు. ముందు వారమే ఒక పిల్లకోతి చక్రం కింద పడబోయి, తోక కొస పోగొట్టుకుని బయటపడింది. అందుకే మా కాలేజీ ప్రకృతి సంఘం చూసుకునే శైలజక్క నన్ను అక్కడ నిలబెట్టింది.

"కోతులకు పెట్టద్దండీ అని ఒక్క మాట చెప్పాల. చెప్తావు గదా?"

"చెప్తానక్కా."

కోతుల మీద మూడు పుస్తకాలు చదివినదాన్ని. గుంపులో ఎవరికి ఎవరు పేలు చూస్తారో కూడా తెలుసు. తెలియనిదల్లా కొత్తవాళ్ళతో మాట్లాడటమే. బస్సులో 'దిగాలి' అనలేక తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచే రకాన్ని.

మొదట నగరి నుంచి వచ్చిన ఒక అవ్వ కోతి వైపు అరటిపండు చాపింది. 'పెట్టద్దండీ' నా పెదవుల దాకా వచ్చి, అక్కడే చెప్పులు విప్పి కూర్చుంది. బయటికి వచ్చింది మాత్రం ఇది:

"అవ్వా... నాకియ్యండి."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఆకలిగా ఉండాదా పాపా?"

"కాదవ్వా. కోతులు... కోతుల గురించి..."

"ఓ, నువ్వే పెడతావా? మంచిది. నాకు భయం, గీరుతాయి." పళ్ళన్నీ నా సంచిలో వేసి, వెనకున్న తన ఊరివాళ్ళను కేకేసింది. "ఈడికి రాండమ్మా. కోతులకు పెట్టే పాప ఈడుండాది."

అంతే, నా ముందు వరుస కట్టారు. అరటిపళ్ళు, కొబ్బరి చిప్పలు, బెల్లం, శెనక్కాయలు. ఒకాయన కళ్ళకద్దుకుని మరీ వేశాడు. ఒకావిడ, "మావాడికి ఉద్యోగం రావాలని మొక్కినాను. పెద్దకోతికే పెట్టు తల్లీ," అంది. ఇంకొకరు బిడ్డ తల మీద చెయ్యి పెట్టమన్నారు. పెట్టాను. కాదనాలంటే మాట్లాడాలి కదా.

పైగా గెలుస్తున్నాననే అనుకున్నాను. ఒక్క పండూ కోతి నోటికి పోలేదు మరి. కోతికి ముక్కుంటుందన్న సంగతి మాత్రం మూడు పుస్తకాలు చదివీ మరిచిపోయాను.

కోతికి కొబ్బరికాయ దొరికితే ఏమవుతుందో సామెత చెప్తుంది. కొండలోని కోతులన్నిటికీ ఒకే సంచి దొరికితే ఏమవుతుందో చెప్పే సామెత ఇంకా పుట్టలేదు. ఒకటి సంచి పట్టింది. ఒకటి జడ పట్టింది. ఒకటి భుజమెక్కి నాకు పేలు చూడసాగింది. సంచి చిరిగింది. పళ్ళు సరిగ్గా రోడ్డు మీదికే దొర్లాయి, వాటి వెనకే, నా భుజం మీది కోతి తప్ప, గుంపంతా పరిగెత్తింది. మలుపులో బస్సు హారను.

ఇరవై ఏళ్ళుగా దాచుకున్న గొంతు అప్పుడు లేచింది. "ఆపండి" అని అరుస్తూ రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాను.

బస్సు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి నన్నూ, నా భుజాన్నీ చూశాడు. "మీ ఇద్దర్లో ఎవురమ్మా అరిసింది?"

ఒక్క కోతికీ దెబ్బ తగల్లేదు. భక్తులంతా కలిసి వాటిని అడవిలోకి తరిమారు. అవ్వా నేనూ రోడ్డు మీది పళ్ళు ఏరుతుంటే, మొత్తం ఒకే ఊపిరిలో చెప్పేశాను: "వీటికి పెట్టకూడదవ్వా. పెడితే రోడ్డు మీదికొస్తాయి, బండ్ల కింద పడతాయి, అడవిలో తిండి వెతుక్కోవడం మరిచిపోతాయి."

సమస్త వానరుల సాక్షిగా ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను: చెప్పాల్సిన మాటను ఇక జన్మలో సంచిలో వేసుకుని మోయను.

అవ్వ చేతిలోని నలిగిన పండును కొంగుతో తుడిచింది.

"ఈ మాట ముందే చెప్పింటే, మనమే తినుందుము గదా పాపా."